థీమ్ పార్కులో వేషం కట్టాలంటే: డిస్నీ, యూనివర్సల్ లాంటి పార్కుల ఆడిషన్లకు సమగ్ర మార్గదర్శి

థీమ్ పార్కు ఆడిషన్‌ను చాలామంది టీవీ డ్యాన్స్ పోటీలా ఊహించుకుంటారు. అందరికంటే బాగా చేస్తే ఎంపికవుతామనుకుంటారు. కానీ పార్కువాళ్ళ దగ్గర దుస్తులు ముందే కుట్టి ఉంటాయి, స్టెప్పులు ముందే కూర్చి ఉంటాయి, ఎన్ని స్థానాలు ఖాళీగా ఉన్నాయో కూడా తేలిపోయి ఉంటుంది. ఆ దుస్తుల్లో సరిగ్గా పట్టే మనిషి, ఆ ఆటను రోజుకు ఎన్నోసార్లు, ఎండలోనైనా చినుకుల్లోనైనా, నెలల తరబడి ఒకేలా ఆడగల మనిషి వాళ్ళకు కావాలి. అందుకే గొప్పగా ఆడినవాళ్ళు వెనక్కి వస్తుంటారు, వాళ్ళ పక్కన మామూలుగా ఆడినవాళ్ళకు పిలుపు వస్తుంటుంది. ఇది ముందే తెలిస్తే ఏం సాధన చేయాలో తెలుస్తుంది. రాకపోయినప్పుడు కుంగిపోకుండా ఉండడానికీ పనికొస్తుంది.

ముందు ఏ వేషమో తేల్చుకోండి

తల మొత్తం కప్పేసే బొమ్మ వేషాలు ఒక రకం. మిక్కీ, గూఫీ, ప్లూటో ఇందులోకి వస్తాయి. మాట ఉండదు, ముఖం కనిపించదు, ఒళ్ళే మాట్లాడాలి. సొంత ముఖంతో చేసే పాత్రలు రెండో రకం. సిండ్రెల్లా, జాస్మిన్, అల్లాదీన్ లాంటివి. వీటికి ముఖపోలిక, గొంతు, అప్పటికప్పుడు మాట అల్లే నేర్పు కావాలి. పరేడ్ డ్యాన్సర్లు, స్టేజి షో డ్యాన్సర్లు, గాయకులు, స్టంట్ కళాకారులు వేరు. ఇంకో రకం కూడా ఉంది. స్టేజి లేకుండా పార్కు వీధుల్లో తిరుగుతూ సందర్శకులతో ఆటలాడేవాళ్ళు. మన పగటి వేషగాళ్ళు చేసిన పని సరిగ్గా ఇదే. గడపలోకి వచ్చి, ఎదుటి మనిషిని బట్టి మాట మార్చి, వేషం చెదరకుండా వెళ్ళిపోవడం.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు సీజన్ ఉద్యోగాలు మంచి ప్రవేశం. యూనివర్సల్ పార్కుల్లో ఏటా జరిగే హాలోవీన్ హారర్ నైట్స్‌కు పెద్ద సంఖ్యలో దయ్యాల వేషగాళ్ళు కావాలి. అక్కడ డ్యాన్స్ శిక్షణ కంటే ఓపిక, మోకాళ్ళ బలం, ఒకే బెదిరింపును వందలసార్లు కొత్తగా చూపగల శక్తి ముఖ్యం. క్రిస్మస్ పరేడ్ల కాలమూ అలాంటిదే.

అమెరికా డిస్నీ పార్కుల్లో చాలామంది బొమ్మ వేషంతో మొదలుపెట్టి, లోపలికి వెళ్ళాక ముఖపాత్రలకు ప్రయత్నిస్తారు. రాజకుమారి పాత్రే కావాలని పట్టుబట్టి మూడేళ్ళు బయట నిలబడడం కంటే ఇది తెలివైన దారి.

పనిచేసే హక్కు ఉందా?

సాధన మొదలుపెట్టే ముందే ఇది చూసుకోవాలి. ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోనైనా, కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లోనైనా వేషాల ఉద్యోగాలకు 18 ఏళ్ళు నిండాలి, అమెరికాలో పనిచేసే హక్కు ముందే ఉండాలి. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు క్యాంపస్ బయట చేసే పని సీపీటీ, ఓపీటీ అనే విద్యార్థి పని అనుమతుల కింద చదువుతున్న సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ చేస్తూ పరేడ్‌లో ఆడడం అందులోకి రాదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఆ వీసా తీసిన కంపెనీకే పనిచేయాలి. వాళ్ళ మీద ఆధారపడి హెచ్-4 వీసాతో వచ్చినవాళ్ళకు పని అనుమతి కార్డు ఉంటేనే కుదురుతుంది. వారాంతాల్లోనే కదా అని సర్దిచెప్పుకుంటే వీసా స్థితి మొత్తం ప్రమాదంలో పడుతుంది.

వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోని ఎప్కాట్ పార్కులో వివిధ దేశాల మంటపాల్లో ఆయా దేశాలవాళ్ళు క్యూ-1 అనే సాంస్కృతిక మార్పిడి వీసా మీద పనిచేస్తారని విని ఆశపడేవాళ్ళున్నారు. అక్కడున్న 11 దేశాల మంటపాల్లో భారతదేశం లేదు. కాబట్టి అమెరికా పార్కుల దారి ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలది, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళది.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి ప్రయత్నించేవాళ్ళకు అసలు తలుపులు తూర్పున, గల్ఫ్‌లో ఉన్నాయి. హాంకాంగ్ డిస్నీల్యాండ్, టోక్యో డిస్నీ రిసార్ట్, ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ జపాన్, సింగపూర్ యూనివర్సల్, అబుదాబి యాస్ దీవిలోని ఫెరారీ వరల్డ్, వార్నర్ బ్రదర్స్ వరల్డ్, దుబాయ్‌లోని ఐఎంజీ వరల్డ్స్. ఈ పార్కులు విదేశీ కళాకారులను కాంట్రాక్టు మీద తీసుకుంటాయి. అప్పుడు పని వీసా యజమానే తీయాలి. ఫిలిప్పీన్స్ గాయకులు, డ్యాన్సర్లు ఈ దారిని ఎప్పుడో పట్టేశారు. మనవాళ్ళు ఇంకా పట్టలేదు.

ఇంటి దగ్గర అనుభవం కావాలంటే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. రోజూ నడిచే డ్యాన్స్ షోలు, వైల్డ్ వెస్ట్ స్టంట్ షో ఉన్నచోట ఒక ఏడాది పనిచేస్తే, రోజువారీ షో క్రమశిక్షణ ఉందని రెజ్యూమె చెబుతుంది. పదిహేను సంగీత్ ఫంక్షన్లు రాసుకోవడం కంటే దానికి విలువ ఎక్కువ.

ప్రకటనను చదవడం

ఆడిషన్ ప్రకటనలో మొట్టమొదట చూడాల్సింది ఎత్తు. దుస్తులు, బొమ్మ తలలు నిర్ణీత కొలతల్లో తయారై ఉంటాయి కాబట్టి అందులో బేరం ఉండదు. రాజకుమారి పాత్రలకు సాధారణంగా 5 అడుగుల 4 అంగుళాల నుంచి 5 అడుగుల 8 అంగుళాల లోపు అడుగుతారు. బొమ్మ వేషాల్లో బాగా పొట్టివాళ్ళకు, బాగా పొడుగువాళ్ళకు గిరాకీ ఎక్కువ. 5 అడుగుల లోపు ఉన్నందుకు స్కూల్ డ్యాన్సుల్లో ఎప్పుడూ పక్కన పెట్టేసిన అమ్మాయికి ఇక్కడ ముందు వరుస దొరకవచ్చు. ఎత్తు అబద్ధం చెప్పకండి. తలుపు దగ్గరే చెప్పులు విప్పించి కొలుస్తారు.

తర్వాత చూడాల్సినవి: కాంట్రాక్టు ఎన్ని నెలలు, ఎప్పటి నుంచి అందుబాటులో ఉండాలి, ఏ తరహా డ్యాన్స్, వేసుకోవాల్సిన బట్టలు, బూట్లు. పాత్ర దుస్తుల్లో, విగ్గులో, పాత్ర మేకప్‌లో రావొద్దని ముఖపాత్రల ప్రకటనల్లో సాధారణంగా స్పష్టంగా రాస్తారు. జాస్మిన్‌కు ప్రయత్నిస్తూ లెహంగాలో వస్తే సూచనలు చదవని మనిషని తేలిపోతుంది. ప్రకటన పార్కు సొంత వెబ్‌సైట్‌లో ఉందో లేదో కూడా అప్పుడే సరిచూసుకోండి. వాట్సాప్‌లో తిరిగే పోస్టరును నమ్మి ప్రయాణం కట్టొద్దు.

ఫొటో, రెజ్యూమె

హెడ్‌షాట్ 8×10 అంగుళాలు. ఛాతీ నుంచి పైకి, సాదా వెనకతెర, కళ్ళు కెమెరాలోకి. మన ఊళ్ళ స్టూడియోల్లో అడగకుండానే రంగు తేల్చేస్తారు, బుగ్గలు నున్నగా చేసేస్తారు. ఆ టచప్ వద్దని ముందే చెప్పండి. ఫొటో చూసి పిలిచిన మనిషి, గదిలోకి వచ్చిన మనిషి ఒకరే అయి ఉండాలి. ముఖపాత్రలకు ఎంపిక జరిగేదే ముఖాన్ని బట్టి కదా.

రెజ్యూమె ఒక్క పేజీ. ఫొటో వెనక వైపు నాలుగు మూలలా పిన్ను కొట్టండి. పేరు, ఫోన్, ఈమెయిల్, ఎత్తు అడుగుల్లోనూ సెంటీమీటర్లలోనూ, వచ్చిన భాషలు, నేర్చుకున్న నాట్యం ఎన్నేళ్ళు, చేసిన షోలు. తండ్రి పేరు, కులం, పదో తరగతి మార్కులు, ఆధార్ నంబర్ ఉన్న మామూలు బయోడేటా పంపకండి. కర్రసాము, స్కేటింగ్, కాలికర్రల మీద నడక, ఈత, తోలుబొమ్మలు ఆడించడం వస్తే తప్పకుండా రాయండి. పార్కులకు ఇవి నిజంగా పనికొస్తాయి. రాసినదాన్ని అక్కడికక్కడే చేసి చూపమంటారు కాబట్టి సగం వచ్చినవి మాత్రం రాయొద్దు.

ఆరు వారాల సాధన

డ్యాన్స్ రౌండ్‌లో పరీక్షించేది ఎంత త్వరగా నేర్చుకుంటారన్నది. కొరియోగ్రాఫర్ నాలుగు నుంచి ఎనిమిది ఎనిమిదుల లెక్క, అంటే 32 నుంచి 64 కౌంట్లు, ఇరవై ముప్ఫై నిమిషాల్లో నేర్పి ముగ్గురు నలుగురిని ఒక్కో జట్టుగా ఆడమంటారు. కాబట్టి ఒకే పాటను నెలంతా అరగదీయడం ఇక్కడ అక్కరకు రాదు. రోజుకో కొత్త వీడియో తీసుకోండి. 32 కౌంట్లు, పదిహేను నిమిషాల గడువు. గడువు ముగియగానే వీడియో ఆపేసి ఫోన్ ముందు ఆడి రికార్డు చేసుకోండి. మర్నాడు ఇంకొకటి. అద్దం ముందు నేర్చుకున్నదాన్ని అద్దానికి వీపు పెట్టి ఆడండి. ఆడిషన్‌లో దిక్కు మార్చగానే కుడి ఎడమలు తారుమారయ్యేవాళ్ళు చాలామంది.

జాజ్ ప్రాథమికాలు రాకపోతే వెంటనే ఒక టీచర్ దగ్గర చేరండి. కిక్-బాల్-చేంజ్, పా ద బురే, షనే టర్న్, ఒక శుభ్రమైన సింగిల్ పిరొవెట్ అనే ప్రాథమిక అడుగులు, మలుపులు ఉంటే ఎక్కువ పరేడ్ కాల్స్‌లో, అంటే ఆడిషన్లలో, నిలబడవచ్చు. సినిమా స్టెప్పులతో పెరిగినవాళ్ళకు లయ, ఊపు దండిగా ఉంటాయి. లోపించేది చేయి చివరిదాకా సాగడం, పాదం వంపు.

కూచిపూడి నేర్చుకున్నవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. లయ, ముఖాభినయం మీకు పెట్టుబడి. కొన్ని అలవాట్లు మాత్రం ఆ గంటసేపు పక్కన పెట్టాలి. అరమండికి అలవాటైన మోకాళ్ళు బయటికి తిరుగుతుంటాయి. జాజ్‌లో సమాంతరంగా ముందుకు ఉండాలి. తట్టు మెట్టులో బరువు మడమ మీదికి వెళుతుంది. ఇక్కడ బరువు మునివేళ్ళ మీదే ఉండాలి, లేకపోతే మలుపు సగంలో ఆగిపోతుంది. కొరియోగ్రాఫర్ 'ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్' అనగానే ఎత్తుగడ. 'అండ్' అన్నచోట పడేది రెండో కాలంలో వచ్చే సగం దెబ్బే. అలా అనువదించుకుంటే వారంలో చెవికి పడుతుంది. వేళ్ళ నిండా ముద్రలు వద్దు. ఆహ్లాదంగా తెరిచిన అరచేయి చాలు.

బొమ్మ వేషానికి ఇంట్లో చేయగల సాధన ఒకటి ఉంది. ముఖం మొత్తం కప్పే బైక్ హెల్మెట్, మందపాటి చేతితొడుగులు, నడుముకు కట్టిన దిండు. ఇరవై అడుగుల దూరంలో ఫోన్ పెట్టి, ఫ్యాను ఉన్న గదిలో, ఇంకొకరు దగ్గర ఉండగా పదేసి నిమిషాలు చేయండి. సంతోషం, సిగ్గు, అలక, ఆశ్చర్యం ఒక్కొక్కటి. తర్వాత శబ్దం తీసేసి వీడియో ఇంట్లో పిల్లలకు చూపించండి. ఏ భావమో వాళ్ళు చెప్పలేకపోతే అది ఒంట్లోకి రాలేదన్నట్టే. కూచిపూడివాళ్ళు ఇక్కడే ఎక్కువగా దెబ్బతింటారు. ఎందుకంటే వాళ్ళ నటన కళ్ళలో ఉంటుంది, హెల్మెట్ లోపల కళ్ళు ఎవరికీ కనిపించవు. పైగా మిక్కీ చేతికి నాలుగే వేళ్ళు.

ఆడిషన్ రోజు

గంట ముందే చేరండి. చాలా కాల్స్‌లో వార్మప్ చేయించరు. వరండాలోనే నడుము, తొడ కండరాలు వేడెక్కించుకోవాలి. ఒంటికి పట్టే బట్టలు, శుభ్రమైన జాజ్ బూట్లు లేదా స్నీకర్లు, ముఖం మీద పడకుండా కట్టిన జుట్టు. పట్టీలు, గాజులు, పెద్ద కమ్మలు ఇంట్లో వదిలేయండి. రెండు సీసాల నీళ్ళు, రెండు అరటిపళ్ళు, ఒక జత అదనపు బట్టలు సంచిలో ఉండాలి. ఆడిషన్ ఒక్క గంటలో ముగియవచ్చు, సాయంత్రం దాకా సాగవచ్చు.

నంబర్ కాగితం ఛాతీకి పిన్ను పెట్టుకోగానే పరీక్ష మొదలైనట్టే. బయట వరుసలో మీరు ఎలా ఉన్నారో రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నవాళ్ళు చూస్తూనే ఉంటారు.

నేర్పేటప్పుడు వెనక దాక్కోకండి. వెనక ఉంటే ముందున్నవాళ్ళ తప్పులు కూడా నేర్చుకుంటారు. రెండో మూడో వరుసలో, కొరియోగ్రాఫర్ పాదాలు కనిపించేచోట నిలబడండి. వరుసలు మారమన్నప్పుడు మర్యాదగా మారండి. ఆడేటప్పుడు స్టెప్పు తప్పితే తల ఊపడం, నాలుక కరుచుకోవడం, ఆగిపోవడం చేయొద్దు. చిరునవ్వుతో తర్వాతి కౌంట్ అందుకోండి. పరేడ్‌లో తప్పు జరగడం ఖాయం, దాన్ని ఎలా దాటతారో వాళ్ళకు కావాలి. ఒక సవరణ చెబితే వెంటనే అదే అమలు చేసి చూపించాలి. రెండోసారి ఆడమన్నది ఎక్కువగా ఆ సవరణ కోసమే. మొదటిసారి కంటే గట్టిగా, అదే తప్పుతో ఆడితే అక్కడితో సరి.

బొమ్మ వేషాల రౌండ్‌లో ఒక చిన్న సందర్భం ఇస్తారు. కేకు చేయడం, పక్క సర్దడం, బస్సు కోసం ఎదురుచూడడం లాంటిది. మాట లేకుండా నిమిషం రెండు నిమిషాల్లో చేయాలి. ఇందులో పోయేవాళ్ళందరూ దాదాపు ఒకే కారణంతో పోతారు. చిన్నగా, తొందరగా, ఒకదాని మీద ఒకటి కలిపేసి చేస్తారు. ఒకసారికి ఒకే పని చేయండి. చేశాక అర క్షణం ఆగండి. చూడాలనుకున్నవైపు కళ్ళు కాదు, ముక్కు, ఛాతీ రెండూ తిరగాలి. బొమ్మ తలలో పక్కచూపు దాదాపు ఉండదు కాబట్టి అసలు వేషంలోనూ అలాగే తిరగాల్సి వస్తుంది. ఇక ఆ కథకు ఒక చిక్కు, ఒక ముగింపు పెట్టండి. కేకు పొయ్యిలో పెట్టడంతో ఆపేస్తే అది పనుల జాబితా. కేకు పొంగి ముఖం మీదికి వస్తే, దాన్ని తింటూ తేరుకుంటే అది పాత్ర.

ముఖపాత్రల రౌండ్

మొదట వరుసగా నిలబెట్టి ముఖాలు చూస్తారు. ఒక్క మాటా అడగకుండానే సగానికి పైగా వెళ్ళిపోవచ్చు. అది మీ నటన మీద తీర్పు కాదు. దవడ ఆకారం, కళ్ళ మధ్య ఎడం, విగ్గు పెట్టాక ఎలా ఉంటుందన్న అంచనా, అంతే. భారతీయ పోలికలున్నవాళ్ళు సహజంగా జాస్మిన్, అల్లాదీన్ల వైపు చూస్తారు. మిగిలినవాళ్ళకు రెండు మూడు వాక్యాల కాగితం ఇస్తారు. గొంతు, ఉచ్చారణ పాత్రకు సరిపోవాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళకు రెండు అడ్డంకులు ఎక్కువ. వాక్యం చివర గొంతు పడిపోవడం, 'వి', 'డబ్ల్యూ' శబ్దాలు కలిసిపోవడం. రోజుకు పదిహేను నిమిషాలు గట్టిగా చదివి రికార్డు చేసుకుంటే ఆరు వారాల్లో తేడా తెలుస్తుంది.

తర్వాత పాత్రలో ఉండగానే ప్రశ్నలు వేస్తారు. ఒక పిల్ల వచ్చి, 'మా అమ్మ చనిపోయింది, నీకు తెలుసా?' అంటే ఏం చెబుతారు? 'నువ్వు నిజం కాదు' అని ఒక కుర్రాడు అంటే? తడబడకుండా, పాత్ర లోకం దాటకుండా, పిల్లల మనసు నొప్పించకుండా బదులు రావాలి. పాత్ర కథ పూర్తిగా తెలిసి ఉంటేనే ఇది సాధ్యం. ఒక వేలితో చూపించే అలవాటు మానుకోండి. డిస్నీ పార్కుల్లో దారి చూపించడానికి రెండు వేళ్ళు గానీ, తెరిచిన అరచేయి గానీ వాడతారు. ఆ అలవాటు మీలో కనిపిస్తే సిద్ధమై వచ్చారని అర్థమవుతుంది.

గాయకులకు రెండు భిన్నమైన పాటల ముక్కలు, ఒక్కొక్కటి 16 నుంచి 32 బార్లు (పాశ్చాత్య సంగీతంలో తాళం ఆవర్తాల్లాంటివి), తమ శ్రుతిలో రాసిన నొటేషన్ కాగితాలతో ఉండాలి. శ్రుతిపెట్టెతో పాడడం అలవాటైనవాళ్ళు పియానోతో కనీసం నాలుగుసార్లు పాడి వెళ్ళాలి. స్టంట్‌వాళ్ళకు ఒక్కటే మాట: చేయగలిగినదానికి ఒక మెట్టు తక్కువే చూపించండి. భద్రత చూడని ధైర్యాన్ని ఎవరూ తీసుకోరు.

సెల్ఫ్ టేప్

విదేశీ పార్కులకు మనం పంపేది ముందు సెల్ఫ్ టేప్, అంటే సొంతంగా తీసుకున్న వీడియోనే. ఫోన్ అడ్డంగా, స్టాండు మీద, ఛాతీ ఎత్తులో పెట్టండి. వెలుతురు ఎదురుగా ఉండాలి. వెనక కిటికీ ఉంటే మీరు నీడలా కనబడతారు. వెనక దేవుడి పటాలు, క్యాలెండర్ లేని ఖాళీ గోడ చూసుకోండి. డ్యాన్స్‌లో తల నుంచి పాదాల వరకు మొత్తం ఫ్రేములో ఉండాలి, మధ్యలో కట్స్ వద్దు, స్లో మోషన్ వద్దు. మొదట పేరు, ఎత్తు, ఊరు, ఏ పాత్రకో చెప్పి, ముందు వైపు, రెండు పక్కలా తిరిగి చూపించండి. బిగువైన ముప్ఫై సెకన్లు ముందు పెట్టండి. మంచిదంతా చివర దాచుకుంటే అక్కడిదాకా చూసేవాళ్ళు తక్కువ.

పిలుపు వచ్చాక, రాకపోయినా

పిలుపు రాకపోతే కారణం అడగొద్దు, చెప్పరు. చాలా పార్కుల్లో మళ్ళీ ప్రయత్నించడానికి కొంత వ్యవధి పెడతారు. ఆ నియమం ప్రకటనలో చూసి అప్పుడు తిరిగి వెళ్ళండి. వచ్చే కాల్‌కు కావాల్సిన ఎత్తు మీదే కావొచ్చు.

పిలుపు వస్తే కాంట్రాక్టులో ఇవి వెతకండి. జీతం గంటకా, నెలకా? రిహార్సల్ కాలానికి ఎంత? వసతి, రానుపోను టికెట్, ఆరోగ్య బీమా ఎవరివి? గాయమై ఆడలేకపోతే జీతం వస్తుందా? బొమ్మ వేషంలో ఎండలో సాధారణంగా ఇరవై ముప్ఫై నిమిషాలకోసారి లోపలికి వెళ్ళి చల్లబడాలి, ఆ విరామం గురించి ఏం రాశారు? అమెరికాలో ఈ హక్కుల కోసం సంఘాలున్నాయి. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ పాత్రల, పరేడ్ కళాకారులు 2024 మే నెలలో ఓటు వేసి యాక్టర్స్ ఈక్విటీ సంఘంలో చేరారు. గల్ఫ్‌లో అలాంటి అండ ఉండదు, కాగితం మీద ఉన్నదే మీ రక్షణ. ఏ వేషం వేస్తున్నారో ఫొటోలు పెట్టకూడదన్న నిబంధన కూడా సాధారణం. డిస్నీలో 'నేను మిక్కీని' అనరు, 'మిక్కీ స్నేహితుడిని' అంటారు.

అసలైన పార్కు ఆడిషన్‌కు రుసుము ఉండదు. 'ఎంపికయ్యారు, వీసాకు రెండు లక్షలు కట్టండి' అన్నచోట ఆగిపోండి. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద నమోదై ఉండాలి. విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో అతని లైసెన్స్ నంబర్ కొట్టి చూడవచ్చు. చట్టప్రకారం అతను తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. డ్యాన్సర్లు కావాలంటూ విజిట్ వీసా మీద రమ్మనే దుబాయ్ ప్రకటనలు ముఖ్యంగా అమ్మాయిలకు ప్రమాదకరం. పార్కు పేరు చెప్పి రాత్రి క్లబ్బుల్లో తేల్చేస్తారు. దుబాయ్ బాలీవుడ్ పార్క్స్ 2023లోనే మూతపడింది. దాని పేరుతో ఎవరైనా ఇప్పుడు డ్యాన్సర్లను తీసుకుంటున్నామంటే ఇక మాట్లాడాల్సింది ఏమీ లేదు. పార్కు సొంత ఈమెయిల్ చిరునామా నుంచి కాంట్రాక్టు, ఆ తర్వాత పని వీసా, ఆ రెండూ చేతిలో పడ్డాకే టికెట్.